నిలబడి పాడయ్యే యంత్రం: డీజిల్ జనరేటర్ల సంరక్షణపై ఒక ప్రసంగం

(జనరేటర్ల నిర్వహణలోకి కొత్తగా వచ్చిన సిబ్బందికి ఇచ్చిన ప్రసంగం. రికార్డు విని రాసుకున్నది. మాట తీరు మార్చలేదు.)

కూర్చోండి, కూర్చోండి. వెనక వరసకి వినపడుతోందా? నా గొంతు కొంచెం పెద్దదే. ముప్ఫై ఏళ్ళు ఇంజన్ల పక్కన నిలబడి మాట్లాడిన అలవాటు. ఎడమ చెవి సగమే పనిచేస్తుంది, ప్రశ్నలు అడిగేవాళ్ళు కుడివైపు నుంచి అడగండి. (నవ్వులు) నవ్వులాటకి చెప్పడం లేదు బాబూ. సెట్టు, అంటే జనరేటర్, నడుస్తుండగా గదిలోకి వెళ్తే చెవులకి మఫ్‌లు పెట్టుకోండి. ఈ మాట చివర్లో చెప్తే ఎవరూ వినరు, అందుకే ముందే చెప్పేశాను.

సరే. కరెంటు పోయింది. ఆటోలో, అంటే కరెంటు పోగానే తనంతట తనే స్టార్ట్ అయ్యేలా పెట్టిన జనరేటర్ లేవలేదు. మీ మొదటి అనుమానం దేని మీద?

(సభలోంచి: "డీజిల్ అయిపోయుంటుంది", "సెల్ఫ్ మోటార్", "బ్యాటరీ")

బ్యాటరీ అన్నది ఎవరమ్మా? నువ్వా? శభాష్. మిగతావాళ్ళది తప్పని కాదు గానీ, పందెం కాస్తే నేనూ బ్యాటరీ మీదే కాస్తాను.

నేను ఉద్యోగంలో చేరిన నాలుగో ఏడు. నా చేతికిచ్చిన సెట్టు కొత్తది. నాలుగేళ్ళలో, నడిచిన గంటలు లెక్కపెట్టే అవర్ మీటర్ 60 గంటలు కూడా తిరగలేదు. అంత కొత్తది. వారం వారం గుడ్డ పెట్టి కేనపీ, అంటే సెట్టు మీది పెట్టె, తుడిచేవాణ్ణి, అద్దంలా మెరిసేది. పెద్దవాళ్ళు ఎవరొచ్చినా తీసుకెళ్ళి చూపించేవాణ్ణి. ఒక రాత్రి కరెంటు పోయింది. సెల్ఫ్ "టక్" అంది, అంతే. మళ్ళీ నొక్కాను, మళ్ళీ "టక్". టార్చి వేసి చూస్తే బ్యాటరీ టెర్మినల్ మీద తెల్లగా, పచ్చగా పొడి పూసి ఉంది. కేబుల్ లగ్గు పట్టుకుంటే చేత్తో తిరుగుతోంది. చాకుతో గీకి, బిగించి, ఇరవై నిమిషాలు చెమటోడ్చి స్టార్ట్ చేశాను. హమ్మయ్య అనుకున్నాను. పదకొండు నిమిషాలు నడిచింది. రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. ఫ్యూయల్ ఫిల్టర్ విప్పితే లోపల నల్లటి జిగురు, పాకుడు పట్టిన నూతి నీళ్ళలా.

మర్నాడు మా సూపర్‌వైజర్ గారు తిట్టలేదు. అవర్ మీటర్ దగ్గరికి తీసుకెళ్ళి, "ఒరేయ్, ఇది నడవక పాడైందిరా" అన్నారు. ఇవాళ నేను చెప్పేదంతా ఆ ఒక్క ముక్కే.

బస్సు ఇంజన్‌ని చూడండి. రోజూ వేడెక్కుతుంది, రోజూ ఆయిల్ తిరుగుతుంది, రోజూ డీజిల్ కొత్తది పడుతుంది, దాని బ్యాటరీని నడుస్తూ నడుస్తూ డైనమోనే నింపుతుంది. అరిగిపోవడం దానికి జబ్బు. మన సెట్టుకి జబ్బు వేరే. నెలలకొద్దీ కదలకుండా ఉంటుంది, పిలిచిన పది సెకన్లలో లేచి మొత్తం బరువు మోయమంటాం. మంచాన పడ్డ మనిషిని లేపి మూట నెత్తిన పెట్టినట్టు. కాబట్టి బస్సుకి చేసే సర్వీసు దీనికి చేస్తే చాలదు. ఎన్ని గంటలు నడిచిందన్న లెక్క పక్కన, ఎన్ని రోజులు నిలబడిందన్న లెక్క కూడా పెట్టుకోవాలి.

ముందు బ్యాటరీ సంగతి తేల్చేద్దాం. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ అనుకోండి. చార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలి మీటరు పెడితే 12.6 గానీ, ఇంకాస్త పైన గానీ చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.4 అంటే ముప్పావు. 12.0 అంటే దాదాపు అడుగంటింది. చూశారా, పూర్తిగా నిండిన దానికీ అడుగంటిన దానికీ మధ్య తేడా అర వోల్టు చిల్లర! "పన్నెండు చూపిస్తోంది సార్, బాగానే ఉంది" అనే మాట నేను ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. పన్నెండు చూపిస్తోందంటే బాగాలేదనే అర్థం.

ఇంకో సంగతి. ఊరికే ఉన్నప్పుడు చూపించే వోల్టేజి అబద్ధం కూడా చెప్తుంది. ముసలి బ్యాటరీ కూడా ఖాళీగా కూర్చున్నప్పుడు 12.6 చూపిస్తుంది, సెల్ఫ్ తిప్పగానే కూలబడుతుంది. అందుకని సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మీటరు చూడాలి. 9.6 కంటే కిందికి జారితే ఆ బ్యాటరీని నమ్మొద్దు. 24 వోల్టుల సెట్టయితే ఈ అంకెలన్నీ రెట్టింపు చేసుకోండి. అక్కడ రెండు బ్యాటరీలు వరసలో ఉంటాయి గనక రెండింటినీ విడివిడిగా కూడా చూడాలి. ఒకటి మంచిది, ఒకటి చెడ్డది అయితే చెడ్డది మంచిదాన్ని కూడా చెడగొడుతుంది. మార్చేటప్పుడు జోడీగా మార్చండి.

మూతలు ఉన్న బ్యాటరీ అయితే లోపలి యాసిడ్ చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ వాడండి. నిండిన సెల్లు 1.265 దరిదాపుల్లో చూపిస్తుంది. ఆరు సెల్లుల్లో ఐదు 1.260 దగ్గర ఉండి, ఒకటి 1.200 దగ్గర ఉంటే ఆ ఒక్కటీ చచ్చిపోతోందని. అది పోతే మొత్తం పోయినట్టే. నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటరే పోయాలి. యాసిడ్ పోయకూడదు, ఆవిరయ్యేది నీరే కదా. నీళ్ళు మాటిమాటికీ తగ్గుతున్నాయంటే బ్యాటరీని తిట్టకండి, చార్జర్‌ని చూడండి. ఫ్లోట్ మీద, అంటే నిండిన బ్యాటరీని నిండుగా నిలిపి ఉంచేటప్పుడు, 13.5 చుట్టుపక్కల ఉండాల్సింది 14.5 దగ్గర కూర్చుని రోజంతా మరగబెడుతూ ఉంటుంది. దానికి వ్యతిరేకం కూడా ఉంది. చార్జర్ ప్లగ్గుని ఎవరో ఫోను చార్జింగ్ కోసం పీకేసి, మళ్ళీ పెట్టడం మర్చిపోతారు. (నవ్వులు) మీలో ఎవరో గట్టిగా నవ్వారు, మీ దగ్గరా జరిగిందన్నమాట.

విప్పేటప్పుడు నెగెటివ్ ముందు విప్పాలి, బిగించేటప్పుడు నెగెటివ్ చివర బిగించాలి. చార్జవుతున్న బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది. స్పానర్ జారి నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ మొహం మీదే పేలుతుంది. కళ్ళద్దాలు లేకుండా బ్యాటరీ మీదికి వంగితే నాకు మహా కోపం.

సెల్ఫ్ తిప్పడంలో కూడా ఒక పద్ధతుంది. పదీ పదిహేను సెకన్లకి మించి పట్టుకోకూడదు. తర్వాత ఒక నిమిషం ఆగాలి. మూడుసార్లు తిప్పినా లేవకపోతే ఇక ఆపండి. నాలుగోసారి తిప్పితే లేచేది ఇంజన్ కాదు, సెల్ఫ్ మోటార్‌లోంచి పొగ.

ఇప్పుడు డీజిల్. ఆ రాత్రి ఫిల్టర్లో చూసిన జిగురు ఎక్కడినుంచి వచ్చింది? ట్యాంకులోంచే. సగం నిండిన ట్యాంకులో మిగతా సగం గాలి ఉంటుంది. పగలు వేడెక్కి, రాత్రి చల్లబడి ఆ గాలిలోని తేమ ట్యాంకు గోడలకి చెమటలా పట్టి కిందికి కారుతుంది. నీరు డీజిల్ కంటే బరువు గనక అడుగుకి చేరుతుంది. ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య ఉండే పొరలో బ్యాక్టీరియా, ఫంగస్ పెరుగుతాయి. అవి డీజిల్‌నే తిని బతుకుతాయి. వాటి కాపురమే ఆ జిగురు. బయోడీజిల్ కలిపిన ఇంధనమైతే నీటిని ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది, జాగ్రత్త రెట్టింపు ఉండాలి.

అందుకే ట్యాంకు ఎప్పుడూ దాదాపు నిండుగా ఉంచమంటాం. డీజిల్‌ని ఏడాదికి మించి నిలవ ఉంచకుండా వాడుకుంటూ, పోసుకుంటూ పోవాలి. ట్యాంకు అడుగున డ్రెయిన్ ప్లగ్గు ఉంటుంది. నెలకోసారి గాజు సీసాలోకి కాస్త పట్టి, కాసేపు ఆగి చూడండి. నీరుంటే గీత గీసినట్టు విడిపోతుంది. వాటర్ సెపరేటర్ గిన్నెలో నీళ్ళు కనపడితే అప్పుడే వదిలేయండి, సర్వీసు రోజు కోసం ఆగొద్దు.

డీజిల్ నింపడానికి, నిలవ చేయడానికి జింకు పూత ఉన్న డబ్బాలు, పైపులు వాడకండి. జింకు డీజిల్‌తో కలిసి పొరలుగా ఊడి ఫిల్టర్లని మూసేస్తుంది. మామూలు ఉక్కు మేలు. ఫిల్టర్ మార్చేటప్పుడు ఇంకో పొరపాటు చేస్తారు. త్వరగా స్టార్ట్ అవుతుందని కొత్త ఫిల్టర్లో క్యాన్‌లోంచి డీజిల్ నింపి బిగిస్తారు. ఆ డీజిల్ దేనిలోనూ వడకట్టలేదు! ఇంజన్‌కి దగ్గరగా ఉండే ఫిల్టర్ రెండు నుంచి ఐదు మైక్రాన్ల చెత్తని ఆపుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. మీ కంటికి శుభ్రంగా కనపడే డీజిల్, సిలిండర్లోకి చిమ్మే నాజిల్ కంటికి ఇసుక కలిపిన నీళ్ళు. ఖాళీ ఫిల్టర్ బిగించి, హ్యాండ్ ప్రైమర్, అంటే చేతి పంపు, కొట్టి పైపుల్లోని ఎయిర్ తీయండి. చెయ్యి నొప్పి పుడుతుంది, ఫరవాలేదు.

ఎయిర్ తీయడం గురించి కూడా ఒక మాట. పాత ఇంజన్లలో నాజిల్ దగ్గర పైపు నట్టు వదులు చేసి, సెల్ఫ్ తిప్పి ఎయిర్ తీసేవాళ్ళం. నాజిళ్ళన్నింటికీ ఒకే పెద్ద ఒత్తిడి పైపు నుంచి డీజిల్ వెళ్ళే కామన్ రైల్ ఇంజన్ దగ్గర ఆ పని చేయకండి. అక్కడ పైపులో 2000 బార్ దాకా, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి సుమారు రెండు వేల రెట్లు, ఒత్తిడి ఉంటుంది. సూది మొనంత సందులోంచి వచ్చిన డీజిల్ చర్మంలోకి దూరిపోతుంది. పైకి చీమ కుట్టినంత చుక్కే కనపడుతుంది, లోపల కండ కుళ్ళిపోతుంది. అలా జరిగితే "చిన్న గాయమే" అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఏం జరిగిందో డాక్టరుకి చెప్పాలి. లీకు వెతకడానికి వేలు పెట్టకండి, అట్టముక్క పెట్టండి.

డీజిల్ సంగతి ముగించే ముందు ఒక్క ఉదాహరణ. 2012 అక్టోబర్ చివర్లో శాండీ తుఫాను న్యూయార్క్ మీద పడింది. బెల్‌వ్యూ ఆసుపత్రిలో జనరేటర్లు పదమూడో అంతస్తులో భద్రంగా ఉన్నాయి. వరద అక్కడిదాకా పోలేదు. కానీ డీజిల్‌ని పైకి పంపే పంపులు బేస్‌మెంట్‌లో ఉన్నాయి, అవి మునిగాయి. మనుషులు వరసగా మెట్ల మీద నిలబడి డీజిల్‌ని చేతుల మీదుగా పైకి మోశారు. చివరికి రోగులందరినీ తరలించాల్సి వచ్చింది. ఈ కథ ఎందుకు చెప్పానంటే, మీ చెక్‌లిస్టులో సెట్టు ఒక్కటే ఉంటే చాలదు. పెద్ద ట్యాంకు నుంచి చిన్న ట్యాంకుకి డీజిల్ ఎలా వస్తోంది, ఆ పంపుకి కరెంటు ఎక్కణ్ణించి వస్తోంది, డీజిల్ మట్టాన్ని బట్టి దాన్ని నడిపి ఆపే ఫ్లోట్ స్విచ్ ఎప్పుడు ఆఖరిసారి చూశారు, ఇవీ రాసుకోండి.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన గొడవకి వస్తాను. "వారానికోసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు ఉత్తినే నడుపుతున్నాం సార్" అని చాలామంది గొప్పగా చెప్తారు. అది మంచి అలవాటనుకుంటారు. నేను కాదంటాను.

ఎందుకో చూడండి. డీజిల్ ఇంజన్లో స్పార్కు ప్లగ్గు లేదు. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపించిన ఇంజన్ నుంచి ఇవాళ్టి దాకా ఒకటే సూత్రం: గాలిని పదహారో వంతుకో పద్దెనిమిదో వంతుకో నొక్కితే అది 500 డిగ్రీల సెల్సియస్ దాటి వేడెక్కుతుంది, ఆ వేడిలోకి డీజిల్ చిమ్మితే అదే అంటుకుంటుంది. అంటే ఈ ఇంజన్‌కి నిప్పు, ఆ వేడే. లోడ్, అంటే కరెంటు వాడే పరికరాల బరువు, లేకుండా నడిపితే సిలిండర్ గోడలు పూర్తిగా వేడెక్కవు. పిస్టన్ రింగులు పూర్తిగా విచ్చుకుని గోడకి అతుక్కోవు. పడ్డ డీజిల్‌లో కొంత కాలకుండా మిగులుతుంది. ఆ మిగిలింది రెండు దారులు పడుతుంది. కొంత రింగుల పక్కనుంచి జారి ఆయిల్‌లో కలిసి దాన్ని పల్చన చేస్తుంది. కొంత మసితో కలిసి నల్లటి జిడ్డుగా ఎగ్జాస్ట్‌లో, ఇంజన్‌లోకి గాలి నెట్టే టర్బోలో, నాజిల్ మొనల మీద పేరుకుంటుంది. దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు.

ఒకచోట సైలెన్సర్ జాయింట్ దగ్గర నల్లగా కారుతోందని నన్ను పిలిచారు. నేను వెళ్ళేసరికి హెడ్ విప్పేసి కూర్చున్నారు. ఇంజన్ ఆయిల్ తాగుతోందని అనుకున్నారట! ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గలేదు సరికదా, గీత దాటి పెరిగింది. డీజిల్ కలిసింది. అంత పెద్ద సెట్టు మీద ఏడాదంతా నాలుగు లైట్లు, ఒక కంప్యూటర్ లోడ్. ఏనుగుని పెంచి దానిచేత పూలబుట్ట మోయించారు. హెడ్ మళ్ళీ బిగించి, ఆయిల్ మార్చి, లోడ్ బ్యాంకు, అంటే పరీక్ష కోసం ఉత్తుత్తి లోడ్ పెట్టే యంత్రం, తెప్పించి, మెల్లమెల్లగా లోడ్ పెంచుతూ నాలుగు గంటలు నడిపాం. మొదటి గంట వచ్చిన పొగ చూసి పక్కవాళ్ళు కంగారుపడ్డారు. మూడో గంటకి పొగ కనపడటం మానేసింది.

అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ 110 అనే ప్రమాణం ఉంది, అత్యవసర విద్యుత్ వ్యవస్థల కోసం. అది నెలకోసారి, కనీసం 30 నిమిషాలు, సెట్టు నేమ్‌ప్లేట్ మీద రాసిన సామర్థ్యంలో కనీసం 30 శాతం లోడ్‌తో నడపమంటుంది. తయారీదారు చెప్పినంత వేడి ఎగ్జాస్ట్‌లో వస్తే అదీ సరే. రెండూ కుదరని సెట్టుకి ఏడాదికోసారి లోడ్ బ్యాంకుతో గంటన్నర పరీక్ష ఉంది: అరగంట 50 శాతం మీద, గంట 75 శాతం మీద. ఆ ప్రమాణం మీకు వర్తించినా వర్తించకపోయినా ఆ అంకెల వెనకున్న లెక్క ఇంజన్ ఎక్కడున్నా ఒకటే. మీ సెట్టు 125 కేవీఏ అనుకోండి. 0.8 పవర్ ఫ్యాక్టర్ లెక్కన 100 కిలోవాట్లు. అంటే మీ నెల పరీక్షలో 30 కిలోవాట్లకి తక్కువ పెట్టి, పరీక్ష చేశామని రాసుకోవడం పరీక్ష కాదు.

అలాగని స్టార్ట్ అవగానే లోడ్ మొత్తం మీద పడెయ్యమని కాదు. పరీక్ష రోజున రెండు మూడు నిమిషాలు వేడెక్కనివ్వండి. ఆపేటప్పుడు కూడా లోడ్ తీసేసి మూడు నుంచి ఐదు నిమిషాలు ఖాళీగా నడపండి. టర్బో నిమిషానికి లక్ష చుట్లు తిరిగే వస్తువు. ఇంజన్ ఆపగానే ఆయిల్ రావడం ఆగుతుంది, టర్బో వేడి మాత్రం అప్పటికప్పుడు పోదు. లోపల మిగిలిన ఆయిల్ మాడి బొగ్గవుతుంది. ఖాళీగా నడపడం తప్పన్నవాడు ఇప్పుడు ఖాళీగా నడపమంటున్నాడేంటి అనుకుంటున్నారు కదూ? ఐదు నిమిషాలకీ ఏడాదికీ తేడా ఉంది బాబూ.

ఆయిల్. చాలా ఇంజన్లకి 250 గంటలకోసారి మార్చమని ఉంటుంది, కొన్నింటికి 500. ఎవరి మాన్యువల్ వాళ్ళు చూసుకోండి. 250 గంటలంటే తక్కువ అనుకోకండి, గంటకి 50 కిలోమీటర్ల చొప్పున పోయే బండి 12,500 కిలోమీటర్లు తిరిగినట్టు. ఆ వాక్యం పక్కనే "లేదా ఏడాది, ఏది ముందైతే అది" అని ఇంకో ముక్క ఉంటుంది. దాన్ని ఎవరూ చదవరు. నా పాత సెట్టు లెక్క వేయండి. నాలుగేళ్ళకి 60 గంటలు, అంటే ఏడాదికి 15. గంటల లెక్కన చూస్తే మొదటి ఆయిల్ మార్పుకి 16 ఏళ్ళ పైనే ఆగాలి! ఈలోగా ఆయిల్‌లో చేరిన తేమ, ఆమ్లాలు బేరింగుల్ని కూర్చోబెట్టే తింటాయి.

ఆయిల్ మట్టం ఇంజన్ ఆపిన వెంటనే చూడకండి, దిగడానికి కొన్ని నిమిషాలు ఇవ్వండి. సెట్టు సమంగా నిలబడి ఉండాలి. ఎక్కువ పోస్తే మంచిదనుకోవద్దు. క్రాంకు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తుంది, నురగలో ఒత్తిడి నిలవదు. డిప్‌స్టిక్ మీద మజ్జిగలా తెల్లగా కనపడితే ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి, స్టార్ట్ చేయొద్దు. డీజిల్ వాసన వచ్చి మట్టం పెరిగితే ఇందాక చెప్పిన కథ. వేళ్ళ మధ్య రాస్తే గరగరలాడితే లోపల ఏదో అరుగుతోంది. పాత ఫిల్టర్‌ని కోసి, కాగితాన్ని విప్పి చూసే అలవాటు చేసుకోండి. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో ఆ మడతల్లో రాసి ఉంటుంది. తీసిన ఆయిల్ నేల మీద, కాలవలో పోయకండి. డబ్బాకెత్తి రీసైక్లింగ్‌కి ఇవ్వాలి.

కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, గురించి చెప్పేముందు దీన్ని చేతులు మార్చుకుంటూ చూడండి. (పిస్టన్ లోపల ఆడే గొట్టం, అంటే సిలిండర్ లైనర్, ముక్కని సభలోకి అందించారు.) జాగ్రత్త, బరువు. బయటి వైపు చూడండి, పురుగు తొలిచినట్టు గుంటలు. తుప్పు అనుకుంటున్నారా? తుప్పు కొంత. అసలు దోషి బుడగలు. పిస్టన్ కొట్టిన ప్రతిసారీ లైనర్ సన్నగా అదురుతుంది. ఆ అదురుకి బయట నీళ్ళలో కంటికి కనపడని ఆవిరి బుడగలు పుట్టి, మరుక్షణం గోడ మీదే చితుకుతాయి. ఒక్కో చితుకుడు ఒక సుత్తి దెబ్బ. వేల గంటల్లో గోడకి చిల్లు పడి నీళ్ళు ఆయిల్‌లోకి వస్తాయి. కూలెంట్‌లో కలిపే రసాయనం లైనర్ మీద పల్చని పొర కట్టి ఆ దెబ్బ కాస్తుంది. అందుకే "రంగు నీళ్ళకి అంత ఖర్చెందుకు, కుళాయి నీళ్ళు పోద్దాం" అనేవాళ్ళకి ఈ ముక్క చూపిస్తుంటాను. మామూలుగా కూలెంట్, ఖనిజాలు తీసిన నీళ్ళు సగం సగం. కుళాయి నీళ్ళలో సున్నం ఉంటుంది, అది లోపల పేరుకుని వేడిని బయటికి పోనివ్వదు.

వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీయకండి. మూత ఒక బార్ ఒత్తిడి పట్టి ఉంచితే లోపల నీళ్ళు 120 డిగ్రీల దాకా మరగవు. మూత తిప్పగానే ఆ ఒత్తిడి పోతుంది, అంతా ఒక్కసారి ఆవిరై మొహానికి తన్నుతుంది. రేడియేటర్ రెక్కల్లో దుమ్ము పడితే గాలి వచ్చే దిక్కుకి ఎదురుగా, తక్కువ ఒత్తిడితో కడగండి. ప్రెషర్ వాషర్ పెడితే రెక్కలు పడుకుంటాయి. ఫ్యాన్ బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే సెంటీమీటరు, సెంటీమీటరున్నర దిగాలి. జోడీ బెల్టులుంటే రెండూ ఒకేసారి మార్చాలి. హోసులు నొక్కి చూడండి. పగుళ్ళుంటే, పిండిలా మెత్తబడితే మార్చేయడమే.

ఎయిర్ ఫిల్టర్ గురించి పెద్దగా లేదు. ఫిల్టర్ మూసుకుపోయిందని చెప్పే ఇండికేటర్ ఎర్రగా అయ్యేదాకా ముట్టుకోకండి. కిలో డీజిల్ కాలడానికి కనీసం 14.5 కిలోల గాలి కావాలి, ఇంజన్ అంతకన్నా చాలా ఎక్కువే పీలుస్తుంది, నిజమే. కానీ ఫిల్టర్‌ని నేలకేసి కొట్టి దులిపి మళ్ళీ పెడితే చిరిగిన కాగితంలోంచి దుమ్ము సూటిగా రింగుల్లోకి పోతుంది. మురికి ఫిల్టర్ పవర్ తగ్గిస్తుంది, చిరిగిన ఫిల్టర్ ఇంజన్‌నే తినేస్తుంది.

ఇంజన్ వెనక కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ అనేది ఒకటుందని మెకానిక్కులు మర్చిపోతారు, ఎలక్ట్రీషియన్లు ఇంజన్‌ని మర్చిపోతారు. నాలుగు పోల్స్ ఉన్న ఆల్టర్నేటర్ 1500 ఆర్‌పీఎం మీద 50 హెర్ట్జ్ ఇస్తుంది, 1800 మీద 60. అంటే ఫ్రీక్వెన్సీ మీటరే మీ స్పీడు మీటరు. స్పీడుని అదుపులో ఉంచే గవర్నర్ మెకానికల్‌ది అయితే ఖాళీగా ఉన్నప్పుడు 52 దాకా ఉండి, నిండు లోడ్ మీద 50కి దిగడం మామూలే. ఒకే లోడ్ మీద కూడా పైకీ కిందికీ ఊగుతుంటే మాత్రం డీజిల్ దారిలో గాలి ఉందో, గవర్నర్ అరిగిందో చూడాలి. తేమలో చాలాకాలం ఉన్న సెట్టుకి మెగ్గర్, అంటే తీగల ఇన్సులేషన్ కొలిచే మీటరు, పెట్టండి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే వైండింగ్‌ని ఆరబెట్టాలి. మెగ్గర్ పెట్టేముందు ఏవీఆర్ (వోల్టేజిని నిలకడగా ఉంచే సర్క్యూట్), డయోడ్ల తీగలు వేరు చేయడం మర్చిపోతే పరీక్షే వాటిని చంపేస్తుంది. నేనొకటి చంపాను. ఇంజన్ బాగా తిరుగుతున్నా వోల్టేజి రాకపోతే, ఎక్కువకాలం నిలబడి ఇనుములో మిగలాల్సిన అయస్కాంతం పోయుంటుంది. తెలిసినవాళ్ళ చేత బ్యాటరీతో ఫీల్డ్ వైండింగ్‌కి ఒక్క క్షణం కరెంటు తగిలిస్తే మళ్ళీ పుంజుకుంటుంది.

ఇక పుస్తకం. లాగ్‌బుక్‌లో "ఓకే, ఓకే, ఓకే" అని నెలంతా రాసేవాళ్ళున్నారు. ఒకే పెన్నుతో, ఒకే రోజు కూర్చుని రాసినట్టు తెలిసిపోతుంది. (నవ్వులు) నాకు అంకెలు కావాలి. సెల్ఫ్ తిరిగినప్పుడు బ్యాటరీ ఎంతకి దిగింది, వేడెక్కాక ఆయిల్ ప్రెషర్ ఎంత, నీళ్ళ వేడి ఎంత, లోడ్ ఎంత, స్టార్ట్ అవడానికి ఎన్ని సెకన్లు పట్టింది, అవర్ మీటర్ ఎంత, పోసిన డీజిల్ ఎంత. ఆయిల్ ప్రెషర్ 4 బార్ మంచిదా, 3 మంచిదా అని నన్ను అడిగితే చెప్పలేను. పోయిన నెల 4, ఈ నెల 3.6, లోడ్ ఒకటే, వేడి ఒకటే అని చూపిస్తే మాత్రం ఏదో మొదలైందని చెప్తాను.

ఏవైనా అడుగుతారా?

("సార్, కొత్త ఆయిల్ పోసిన రెండు రోజులకే నల్లబడింది. కల్తీదా?")

కాదు నాయనా. డీజిల్ ఇంజన్ మసి చేస్తుంది, ఆయిల్ ఆ మసిని తనలో కలుపుకుని గోడలకి అంటనివ్వదు. నల్లబడిందంటే పని చేస్తోందని. రంగు చూసి ఆయిల్ మార్చే అలవాటు పెట్రోలు బండి నుంచి వచ్చింది. మెడిసిన్ వాళ్ళు రక్త పరీక్షకి పంపినట్టు దీన్నీ ల్యాబుకి పంపొచ్చు, ఇనుమెంత, రాగి ఎంత, నీళ్ళెంత ఉందో చెప్తారు.

("పొగ రంగు చూసి రోగం చెప్పొచ్చంటారు కదండీ?")

కొంతవరకు. నల్ల పొగ అంటే డీజిల్‌కి తగ్గ గాలి లేదు, లేదా ఓవర్ లోడ్. నీలం అంటే ఆయిల్ కాలుతోంది. తెలుపు అంటే కాలని డీజిల్, చల్లని ఇంజన్‌లో మొదటి నిమిషం అది సహజం. వేడెక్కాక కూడా తెల్లగా వస్తూ కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ మీద అనుమానం. పొగ గురించి అడిగారు గనక, ఎగ్జాస్ట్ పైపు గదిలో లీకవుతుంటే సెట్టు నడపకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. మీకు నిద్రొస్తున్నట్టు అనిపిస్తుంది, అంతే.

("ఆటోలో ఉన్నప్పుడు చిన్న పనులు చేసుకోవచ్చా సార్? బెల్టు చూడటం లాంటివి?")

ఈ ప్రశ్న ఇంకా ఎవరూ అడగలేదేమా అనుకుంటున్నాను. చేయకూడదు. ఆటోలో ఉన్న సెట్టు నిద్రపోతున్నట్టు కనపడుతుంది గానీ, కరెంటు పోయిన క్షణం మీ చెయ్యి ఎక్కడుందో దానికి తెలియదు. కంట్రోలర్‌ని ఆఫ్‌లో పెట్టాలి, ఎమర్జెన్సీ స్టాప్ నొక్కాలి, చార్జర్ ఆపి బ్యాటరీ నెగెటివ్ విప్పాలి, బోర్డు తగిలించాలి. నాతో పనిచేసిన ఒకాయనకి కుడిచేతికి రెండు వేళ్ళు లేవు, ఫ్యాన్ బెల్టు చూడబోయి పోయాయి. పని అయ్యాక మళ్ళీ ఆటోలో పెట్టడం మర్చిపోవడం ఇంకో తద్దినం. సెట్టు నిక్షేపంగా ఉంటుంది, లేవదు. కాబట్టి గది తలుపు వేసేముందు వెనక్కి తిరిగి ప్యానెల్ మీద లైటు చూడండి: ఆటో వెలుగుతోందా?

చాలు, కుర్చీల్లో కూర్చుని జనరేటర్ నేర్చుకోలేం. కింద సెట్టుని ఆఫ్‌లో పెట్టించాను, చార్జర్ కూడా పొద్దుటి నుంచి తీసే ఉంది. అమ్మా, ఇందాక బ్యాటరీ అన్నావు కదా, మీటరు నువ్వు పట్టుకో. కళ్ళద్దాలు ఆ బల్ల మీదున్నాయి. డిప్‌స్టిక్ తుడవడానికి గుడ్డ ఎవరి దగ్గరుంది?